లండన్‌లో మ్యూజియం ఫ్రీ... మరి అప్పు?

ప్రశ్న: మాది విజయవాడ. వయసు 39. ప్రైవేటు ఉద్యోగం, నెలకు రూ.78 వేలు చేతికి వస్తాయి. ఇంటి ఖర్చు రూ.35 వేలు, హోమ్ లోన్ ఈఎంఐ రూ.22 వేలు. ఎఫ్‌డీలో రూ.1.5 లక్షలున్నాయి. వచ్చే వేసవిలో భార్య, ఇద్దరు పిల్లలతో లండన్ వెళ్లి, బ్రిటిష్ మ్యూజియంలోని అమరావతి శిల్పాలు, నేచురల్ హిస్టరీ మ్యూజియం, సైన్స్ మ్యూజియం చూడాలని కోరిక. వీటన్నింటికీ ప్రవేశం ఉచితమే కాబట్టి రూ.7.5 లక్షల్లో అయిపోతుందని నా లెక్క. బ్యాంకు 14 శాతం వడ్డీకి, నాలుగేళ్ల గడువుతో రూ.6 లక్షల పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. మిగతాదానికి ఎఫ్‌డీ తీసేద్దామనుకుంటున్నా. పర్సనల్ లోన్ మంచిదా, గోల్డ్ లోనా?

జవాబు: రెండూ వద్దు. ఈ మధ్య ఇలాంటి ప్రశ్నలు చాలా వస్తున్నాయి. ఊరు మారుతుంది, పొరపాటు మాత్రం అదే. ఒక ఖర్చు లేదని తెలియగానే మొత్తం ప్రయాణమే చౌక అనిపిస్తుంది. మీరు చెప్పిన మూడింటిలో శాశ్వత ప్రదర్శనలకు టికెట్ లేదు, నిజమే. నేషనల్ గ్యాలరీకీ లేదు. కానీ మీ రూ.7.5 లక్షల్లో టికెట్ల వాటా ఎంతని? విమానం, హోటల్ గది, నలుగురికీ వీసా, తిండి, ట్యూబ్ రైలు (అక్కడి మెట్రో)... డబ్బంతా పోయేది అక్కడే. పిల్లలు కోహినూర్ చూస్తామన్నారనుకోండి, అది ఉన్న టవర్ ఆఫ్ లండన్ ఉచితం కాదు. పెద్దవాళ్లకు తలా 30 పౌండ్లు దాటుతుంది.

ఇక లోన్ సంగతి. ఈఎంఐ సుమారు రూ.16,400. హోమ్ లోన్‌తో కలిపితే రూ.38,400. ఇంటి ఖర్చు కూడా కలిపితే రూ.73,400. నెలకు మిగిలేది రూ.4,600. జీతం ఒక్క నెల కూడా ఆగకపోతే, ఇంట్లో ఎవరికీ జ్వరమైనా రాకపోతే బండి నడుస్తుంది. మీరు తిరిగొచ్చేసరికి ఎఫ్‌డీ ఖాళీ. వెంటనే జూన్, స్కూలు ఫీజుల నెల. అప్పుడు క్రెడిట్ కార్డు గీకుతారు. బిల్లులో మినిమం డ్యూ (కనీస మొత్తం) మాత్రమే కట్టి మిగతాది వదిలేస్తే వడ్డీ ఏడాదికి 40 శాతం దరిదాపుల్లో పడుతుంది. విహారయాత్రకు పర్సనల్ లోన్ అనగానే నాకు విసుగొచ్చేది ఇందుకే. యాత్ర వారం రోజుల్లో అయిపోతుంది. ఈఎంఐ 48 నెలలు ఉంటుంది. అందులో వడ్డీయే రూ.1.87 లక్షలు.

మీరు ఒక్కసారి కూడా ప్రస్తావించనిది అత్యవసర నిధి. ఇల్లు, హోమ్ లోన్ కలిపి మీకు నెలకు రూ.57 వేలు తప్పనిసరి. ఆరు నెలలకు సరిపడా నిధి అంటే రూ.3.42 లక్షలు. మీ దగ్గరున్నది రూ.1.5 లక్షలు, అంటే మూడు నెలలకు కూడా చాలదు. దాన్నే లండన్‌కు తీసేస్తానంటున్నారు! ఆ ఎఫ్‌డీని ముట్టుకోకండి. బ్యాంకుకు కడదామనుకున్న రూ.16,400ను వచ్చే నెల నుంచే ఆర్‌డీలో (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) వేయండి. ఏడాదిలో అత్యవసర నిధి నిండుతుంది. తర్వాత మూడేళ్లు అదే మొత్తం వేస్తే రూ.5.9 లక్షలు, దానిపై వడ్డీ అదనం. అంటే ఆ లోన్ తీరాల్సిన నాటికి మీ చేతిలో నిధీ ఉంటుంది, యాత్ర డబ్బుల్లో చాలావరకూ ఉంటాయి. బోనస్ వస్తే అందులోనే వేయండి, గడువు తగ్గుతుంది. అప్పటికి టికెట్ల ధరలు పెరుగుతాయంటారేమో. పెరగొచ్చు, ఆ తేడాకు ఆర్‌డీ వడ్డీ కొంత పనికొస్తుంది. 14 శాతం అప్పు మాత్రం ఎప్పుడూ మీ జేబులోంచే తీసుకుంటుంది.

గోల్డ్ లోన్‌కు వడ్డీ తక్కువే, కానీ బంగారం మీ ఆఖరి ఆసరా. పీఎఫ్ జోలికి పోవద్దు. వడ్డీ లేదని చెప్పే టూర్ కంపెనీల జీరో కాస్ట్ ఈఎంఐలో ప్రాసెసింగ్ ఫీజు ఎంతో అడగండి.

ఇంకో సంగతి. వీసాకు బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టాలి. దరఖాస్తుకు ముందు ఖాతాలో ఒక్కసారిగా రూ.6 లక్షలు పడితే, అది ఎక్కడిదన్న అనుమానం వస్తుంది. వీసా నిరాకరిస్తే ఫీజు వెనక్కి రాదు, లోన్ మాత్రం మీ మీదే ఉంటుంది.

ఈ వేసవికి పిల్లల్ని చెన్నై తీసుకెళ్లండి. బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో అమరావతిలో తవ్వించిన శిల్పాలు ముందు మద్రాసుకే చేరాయి, వాటిని 1859లో లండన్ పంపారు. ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో ఇప్పటికీ అమరావతి శిల్పాలకు ప్రత్యేక గ్యాలరీ ఉంది. ఉదయం విజయవాడలో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి అక్కడ ఉంటారు. మ్యూజియానికి శుక్రవారం సెలవు, రైలు టికెట్ తీసేముందు అది చూసుకోండి.