ఆ ఇద్దరూ చూసింది ఒకే సినిమానా?

ప్రశ్న: స్టాన్లీ కుబ్రిక్ ఆఖరి సినిమా ‘ఐస్ వైడ్ షట్’ మా ఇంట్లో పెద్ద గొడవే పెట్టింది. పెళ్లి గురించి ఇంత నిజం ఇంకెవరూ చెప్పలేదని నేను. రెండున్నర గంటలు కూర్చున్నా ఏమీ జరగలేదని మావారు. ఎవరి మాట సరి?

జవాబు: మీవారి విసుగు అకారణం కాదు. 1999లో ఈ సినిమాని జనానికి పరిచయం చేసిన తీరే అలాంటిది. అప్పటికి నిజజీవితంలోనూ భార్యాభర్తలైన టామ్ క్రూజ్, నికోల్ కిడ్‌మన్‌లను అద్దం ముందు నిలబెట్టి ప్రచారం చేశారు. వేడివేడి శృంగార కథ అనుకుని వెళ్లినవాళ్లకి దొరికింది, 159 నిమిషాల్లో ఒక్క కోరికా తీరని డాక్టరు కథ. థియేటర్ నుంచి బయటికొచ్చే ప్రేక్షకులను అడిగి మార్కులు వేసే సినిమాస్కోర్ సర్వేలో దీనికి పడింది డి మైనస్, అంటే దాదాపు అట్టడుగు గ్రేడు.

ఇక మీరు చెప్పే నిజం ఎక్కడుందో చూద్దాం. భార్యాభర్తలిద్దరూ ఒక పార్టీకి వెళ్లొచ్చిన మర్నాటి రాత్రి, పడకగదిలో, గంజాయి మత్తులో, ఆడవాళ్లకి పరపురుషుడి ఆలోచనలు రావని బిల్ (క్రూజ్ వేసిన డాక్టరు పాత్ర) ధీమాగా అంటాడు. అతని భార్య ఆలిస్ (కిడ్‌మన్) నేలమీదికి జారి ఆగకుండా నవ్వుతుంది. తర్వాత నవ్వు ఆపి, నెమ్మదిగా చెబుతుంది: కిందటి వేసవిలో హోటల్లో ఒక నౌకాదళ అధికారి తనవైపు ఒక్కసారి చూశాడు, అంతే. అతను పిలిస్తే భర్తనీ కూతుర్నీ మొత్తం భవిష్యత్తునీ వదులుకోవడానికి సిద్ధపడింది. అదే సమయంలో భర్త ఎన్నడూ లేనంత ప్రియంగానూ అనిపించాడు. చాలామంది మొదటి సగమే విని ఆలిస్ మీద తీర్పు చెప్పేస్తారు. సినిమా ప్రాణం ఆ రెండో సగంలో ఉంది. కోరిక, ప్రేమ ఒకే మనసులో, ఒకే మధ్యాహ్నం పక్కపక్కనే ఉండగలవన్న మాట బిల్‌కి మింగుడుపడదు. ఆ రాత్రంతా అతను తిరిగే తిరుగుడుకి మూలం అదే.

అక్కడినుంచి ఏదీ పూర్తి కాదు. చనిపోయిన పేషెంటు కూతురు ప్రేమిస్తున్నానంటుంది, ఈలోగా ఆమెకు కాబోయే భర్త వచ్చేస్తాడు. వేశ్య ఇంట్లో ఉండగా ఆలిస్ ఫోన్ చేస్తుంది. ముసుగులు వేసుకున్నవాళ్లు రహస్యంగా శృంగార విందు జరిపే భవనంలోకి దూరి పట్టుబడతాడు. మీవారు ‘ఏమీ జరగలేదు’ అన్నది దీన్నే, మీకు నచ్చిందీ దీన్నే. మా మొగ్గు మీ వైపే. అయితే ఒక్కచోట మీవారితో ఏకీభవిస్తాం: చివర్లో బిలియర్డ్స్ గదిలో బిల్ ధనిక మిత్రుడు జీగ్లర్ అన్నీ విప్పి చెప్పే ఘట్టం అంత పొడవు అక్కర్లేదు. అంతసేపు నిలిచిన భయాన్ని మాటలు పలుచన చేస్తాయి. సినిమాకి ఆధారమైన మూలకథలో (ఆర్థర్ ష్నిట్జ్‌లర్ నవల) జీగ్లర్ పాత్రే లేదు.

మళ్లీ చూసేటప్పుడు ఇద్దరూ ఒక పని చేయండి. ఎదుటివాళ్లు అన్న ఆఖరి మాటని బిల్ ఎన్నిసార్లు ప్రశ్నగా తిప్పి అంటాడో గమనించండి. మొదటిసారి నత్తనడక సంభాషణ అనిపించేది, అప్పుడు ఏమీ అర్థంకాక తడబడే మనిషి గొంతులా వినిపిస్తుంది.

ప్రశ్న: ఇందులో భగవద్గీత శ్లోకం ఉందని విన్నాను. నేను చూసిన కాపీలో వినపడలేదు.

జవాబు: ఉండేది. ముసుగు మనుషుల మధ్య బిల్ గది గదీ తిరిగే చోట, జోసెలిన్ పుక్ స్వరపరచిన సంగీతంలో కర్ణాటక సంగీత గాయకుడు మాణిక్కం యోగేశ్వరన్ గొంతులో ‘పరిత్రాణాయ సాధూనాం’ (4వ అధ్యాయం, 8వ శ్లోకం) వినిపించేది. శృంగార దృశ్యాల వెనక గీత ఏమిటని హిందూ సంఘాలు అభ్యంతరం చెప్పాక, తర్వాతి కాపీల్లో శ్లోకం తీసేసి మరో ఆలాపన పెట్టారు. ఆ బాధ న్యాయమైనదే, మార్చడమే మంచిదైంది. ఇక అంతకుముందు వచ్చే పూజలాంటి తంతులో వినిపించేది సంస్కృతం కాదు. రుమేనియా చర్చి ప్రార్థనని వెనక్కి తిప్పి వినిపించారు. చాలామంది ఈ రెంటినీ కలిపేస్తుంటారు.

ప్రశ్న: కుబ్రిక్ పోయాక స్టూడియో చాలా భాగం కత్తిరించిందంటారు. నిజమేనా?

జవాబు: ఆయన 1999 మార్చి 7న మరణించారు, సినిమా జులై 16న విడుదలైంది. చనిపోవడానికి కొద్దిరోజుల ముందే స్టూడియో పెద్దలకీ, ఇద్దరు తారలకీ తన కూర్పు చూపించారు. మిగిలింది ధ్వని మిశ్రమం, రంగుల సవరణ వంటి పనులు. పెద్ద భాగం మాయమైందన్న మాటకి ఆధారం లేదు. దృశ్యాల్లో బయటికి తెలిసిన మార్పు ఒకటే: అమెరికాలో ఆర్ రేటింగ్ (17 ఏళ్లలోపువాళ్లు పెద్దల తోడుతో చూడొచ్చనేది) కోసం ముసుగుల భవనంలోని శృంగార దృశ్యాలకు దాదాపు 65 సెకన్ల పాటు కంప్యూటర్‌తో గీసిన మనుషుల్ని అడ్డం నిలబెట్టారు. అడ్డుగా నిలబడ్డ నల్లటి వస్త్రాల ఆకారాలు కదలకుండా అతికినట్టుంటే మీరు చూసేది ఆ కాపీ. యూరప్‌లో అవి లేకుండానే విడుదలైంది.

ప్రశ్న: న్యూయార్క్ వీధులు సెట్‌లా తెలిసిపోతున్నాయి. ఇంత పేరున్న దర్శకుడు అలా ఎలా వదిలేశారు?

జవాబు: వదిలేయలేదు. ఆ వీధులు ఇంగ్లండ్‌లోని పైన్‌వుడ్ స్టూడియోలో కట్టినవే. కొన్ని షాట్లలో టామ్ క్రూజ్ ట్రెడ్‌మిల్ మీద నడుస్తుంటే వెనక తెరమీద వీధి కదులుతుంది. మూలకథ పేరు (ట్రౌమ్‌నోవెల్, అంటే ‘కల కథ’) లోనే కల ఉంది కాబట్టి ఈ వీధులూ కలలోవిలా ఉండటం కథకి అమరింది. వెలుగు చూడండి: దాదాపు ప్రతి ఇంటా క్రిస్మస్ దీపాలు. పెద్ద లైట్లు తగ్గించి, ఫ్రేములో కనిపించే దీపాలనే వాడుకుని, ఫిల్మ్‌ని ల్యాబ్‌లో రెండు స్టాపులు పుష్ చేశారు, అంటే మామూలు కంటే ఎక్కువసేపు డెవలప్ చేసి వెలుగు పెంచారు. ఆ గరుకుదనం, బంగారు వెలుగు చుట్టూ కిటికీల నీలం అలా వచ్చాయి. టీవీలో ‘వివిడ్’ మోడ్ (రంగులు బాగా పెంచేది), మోషన్ స్మూతింగ్ (కదలికల్ని నున్నగా చేసేది) పెడితే ఆ గరుకంతా పోయి సీరియల్‌లా కనిపిస్తుంది. రెండూ ఆపేయండి.

ప్రశ్న: మూలకథ ముందు చదవాలా, తర్వాతా?

జవాబు: తర్వాతే. ఆస్ట్రియా రచయిత ఆర్థర్ ష్నిట్జ్‌లర్ 1926లో పుస్తకంగా తెచ్చిన చిన్న నవల అది, ఒక్క రోజులో అయిపోతుంది. కథ వియన్నాలో జరుగుతుంది. చదివేటప్పుడు ఒక తేడా పట్టుకోండి: అందులో భార్యాభర్తలిద్దరూ తమ తమ కోరికల్ని ఒకరికొకరు చెప్పుకుంటారు. కుబ్రిక్ అయితే సినిమాలో భర్త నోరు మూయించి, భార్య చేత మాత్రమే చెప్పించారు. ఆలిస్‌ని తప్పుపట్టే ప్రేక్షకులు ఇంతమంది ఉండటానికి ఈ మార్పే ముఖ్య కారణమని మా అభిప్రాయం.