గేటు దగ్గర లైట్లు గుడ్డిగా వెలుగుతుంటే...

ప్రశ్న: ఇంటి ముందు తోటలో 12 వోల్టుల డీసీ ఎల్‌ఈడీ లైట్లు పెట్టించాం. మొక్కల మధ్య 5 వాట్ల స్పైక్ లైట్లు 10, నడక దారికి 3 వాట్లవి 4, కొబ్బరి చెట్ల మొదట్లో 9 వాట్లవి 2. వరండాలో 100 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (230 వోల్టుల ఏసీని 12 వోల్టుల డీసీగా మార్చే పెట్టె) ఉంది. అక్కణ్నుంచి గేటు దాకా 30 మీటర్లు, అన్నిటికీ ఒకటే 1.5 స్క్వేర్ ఎంఎం వైరు. గేటు వైపు లైట్లు బాగా మందగించాయి. ఎలక్ట్రీషియన్ దాన్ని తీసేసి 200 వాట్లది పెట్టమంటున్నాడు. మార్చమంటారా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: వద్దండీ. 200 కాదు, 500 వాట్లది పెట్టినా గేటు దగ్గర వెలుగు పెరగదు. తప్పు వైరుది.

మీ లోడు 50, 12, 18 కలిపి 80 వాట్లు. ఎస్‌ఎంపీఎస్ మీద దాని సామర్థ్యంలో 80 శాతానికి మించి మోపకూడదు. 80ని 0.8తో భాగిస్తే 100. అంటే ఉన్నది సరిగ్గా సరిపోయింది. ఇంకో నాలుగైదు లైట్లు పెంచే ఆలోచన ఉంటేనో, పెట్టె మీద పడమటెండ పడుతుంటేనో 150 వాట్లది తీసుకోండి, అంతే.

ఇక వైరు సంగతి. 80 వాట్లకు 12 వోల్టుల దగ్గర 6.7 ఆంపియర్లు కావాలి. అదే 230 వోల్టులైతే అర ఆంపియరు కూడా ఉండదు. అందుకే ఇంటి వైరింగ్ లెక్క తోటలో పనికిరాదు. 1.5 రాగి వైరు నిరోధం మీటరుకు సుమారు 0.012 ఓం. రానూ పోనూ 60 మీటర్లకు 0.72 ఓం. 6.7ని 0.72తో గుణిస్తే 4.8. లైట్లు దారి పొడవునా సమానంగా ఉన్నాయనుకున్నా అందులో సగం, అంటే చివరికొచ్చేసరికి 2.4 వోల్టులు పోతాయి. మిగిలేది 9.6. లైట్లన్నీ వేసి ఉంచి, చివరి లైటు దగ్గర మల్టీమీటరు పెట్టి చూడండి. లైట్లు ఆర్పి కొలిస్తే 12 చూపించి మోసం చేస్తుంది.

పాత వైరును సగంలో కోసేసి, ఇంటి వైపు సగం లైట్లకే వదిలేయండి. గేటు వైపు సగానికి ఎస్‌ఎంపీఎస్ నుంచి గేటు దాకా విడిగా 4 స్క్వేర్ ఎంఎం వైరు లాగించి, అటువైపు లైట్లను దానికే కలిపించండి. అప్పుడు రెండు వైపులా తరుగుదల 0.6, 0.7 వోల్టుల దగ్గరే ఆగుతుంది, వెలుగులో తేడా కంటికి ఆనదు. ఎస్‌ఎంపీఎస్ టెర్మినళ్ల పక్కన చిన్న స్క్రూ ఉంటే దాన్ని తిప్పి వోల్టేజి పెంచేద్దామని మాత్రం చూడకండి. ముందున్న లైట్లు మాడతాయి.

ఇంకోటి, మట్టిలో టేపు చుట్టిన జాయింట్లు ఒక్క వానాకాలానికే పచ్చగా చిలుమెక్కుతాయి. జెల్ నింపిన వాటర్‌ప్రూఫ్ జాయింట్లు వాడించండి. 230 వోల్టుల వైపు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) తప్పనిసరి.

ప్రశ్న: పాత హాలోజన్ తోట లైట్ల 12 వోల్టుల, 100 వీఏ ఇనప ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ఎల్‌ఈడీలకు వాడొచ్చా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: అది ఇచ్చేది ఏసీ. లైటు మీద ‘ఏసీ/డీసీ 12 వోల్టులు’ అని ఉంటే వాడొచ్చు, ‘డీసీ’ అని మాత్రమే ఉంటే వద్దు. లోడును వాట్లలో కాక వీఏలో (వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చేది) కూడండి. 5 వాట్ల ఎల్‌ఈడీకి వీఏ అంతకంటే ఎక్కువే ఉంటుంది, కేటలాగులో చూడండి. లోడు మరీ తక్కువైతే వోల్టేజి 13 దాటొచ్చు, కొలిచాకే లైట్లు కలపండి. హాలోజన్ల కోసం చేసిన తేలికపాటి ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌ఫార్మర్ అయితే అసలు వద్దు. దానికి కనీస లోడు ఉండాలి. ఎల్‌ఈడీలు అంత తీసుకోవు గనక మిణుకుమిణుకుమంటాయి.