సుంకం లేదన్నారు, మరి సరుకు ఎందుకు ఆగుతోంది?

ఐరోపా సమాఖ్య నుంచి బ్రిటన్ బయటికి వచ్చాక, అంటే బ్రెగ్జిట్ తరవాత, ఆ దేశ సరిహద్దుల్లో మొదలైన తనిఖీల గురించి, వాటి మీద అక్కడి జనంలో పేరుకున్న విసుగు గురించి ఈ మధ్య మాకు చాలా ఉత్తరాలు వచ్చాయి. రాసినవారిలో పిల్లలు అక్కడ స్థిరపడిన తల్లిదండ్రులే ఎక్కువ. ఐదు ప్రశ్నలకు ఇక్కడ జవాబు ఇస్తున్నాము. మొదటిదానికి కాస్త ఎక్కువ చోటు తీసుకున్నాము, ఎందుకంటే అది అర్థమైతే మిగిలినవి సగం అర్థమైనట్టే.

ప్రశ్న: బ్రిటన్‌కూ ఐరోపా సమాఖ్యకూ 2020 డిసెంబరులో కుదిరిన ఒప్పందం ప్రకారం రెండు వైపులా సుంకాలు ఉండవని చదివాను. సుంకమే లేనప్పుడు అక్కడి వ్యాపారులు ఇన్నేళ్లుగా ఎందుకు మొత్తుకుంటున్నారు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: సుంకం వేరు, తనిఖీ వేరు. జీఎస్‌టీ రాకముందు మన రాష్ట్రాల సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర లారీలు బారులు తీరి ఉండటం మీరు చూసే ఉంటారు. అక్కడ డ్రైవరును కుంగదీసింది కట్టవలసిన పన్ను ఒక్కటే కాదు, కాగితాలు చూపించి, ముద్ర వేయించుకుని, గేటు ఎత్తేదాకా కాచుకోవడం. మనం 2017 జులైలో ఆ వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులను ఎత్తివేశాము. బ్రిటన్, ఐరోపాల మధ్య దశాబ్దాలుగా లేని ఆ గేటు 2021 జనవరి 1న వెలిసింది.

ఐరోపా సమాఖ్య ఉమ్మడి విపణిలో ఉన్నంతకాలం ఇంగ్లండ్ పల్లెలో తయారైన చీజ్ ప్యారిస్‌కు వెళ్లడం, పక్క జిల్లాకు వెళ్లడం ఒకటే. బయటికి వచ్చాక బ్రిటన్ ఆ నిబంధనల దృష్టిలో పరాయి దేశం. పాలు, మాంసం, చేపల సరుకు దాటాలంటే అధికారిక పశువైద్యుడో, అధీకృత అధికారో పరీక్షించి ఆరోగ్య ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ పత్రం మీద సంతకం, ముద్ర అచ్చు రంగుకు భిన్నమైన రంగు సిరాతో ఉండాలి. ఒక పేజీలో ముద్ర తప్పినా, ఒక అంకె తేడా వచ్చినా లారీ రేవులో నిలిచిపోతుంది. చిన్న వ్యాపారికి లారీ నిండా సరుకు ఉండదు కనుక పదిమంది కలిసి ఒకే లారీలో పంపుకునే అలవాటు అక్కడ ఉంది. ఇప్పుడు ఆ పదిమందిలో ఒక్కరి కాగితంలో పొరపాటు ఉన్నా మిగిలిన తొమ్మిదిమంది సరుకూ ఆగుతుంది. అందుకే చిన్నవారి సరుకును ఉమ్మడి లారీలో ఎక్కించుకోవడానికే కొన్ని రవాణా సంస్థలు వెనకాడాయి. పెద్ద కంపెనీలు నెదర్లాండ్స్‌లోనో మరోచోటో గోదాము తెరుచుకుని బయటపడ్డాయి. ఇద్దరు మనుషులతో నడిచే చీజ్ కేంద్రానికి ఆ దారి లేదు. ఈ భారం అందరి మీదా సమానంగా పడలేదన్నదే మాకు అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి.

సుంకం లేదన్న మాటకు కూడా ఒక షరతు ఉంది. సరుకు బ్రిటన్‌లోనో సమాఖ్యలోనో తయారైనదని నిరూపించాలి. మన దేశం నుంచి పచ్చళ్లు తెప్పించి లెస్టర్ గోదాములో నిల్వ చేసి, అక్కడి నుంచి డబ్లిన్‌లోని భారతీయ దుకాణాలకు పంపే టోకు వ్యాపారిని తీసుకోండి. ఆ సరుకు బ్రిటన్‌లో పుట్టినది కాదు కనుక, సుంకం ఉన్న వస్తువైతే ఐర్లండ్‌లో దిగేటప్పుడు మళ్లీ కట్టవలసి వస్తుంది.

ఇందులో మరో అన్యాయమూ జరిగింది. ఐరోపా వైపు తనిఖీలు మొదటి రోజు నుంచే అమలయ్యాయి. బ్రిటన్ మాత్రం తన వైపు తనిఖీలను ఒకసారి కాదు, ఐదుసార్లు వాయిదా వేసింది. ఆ మూడేళ్లూ ఫ్రాన్స్ చీజ్ బ్రిటన్‌లోకి సాఫీగా వచ్చింది, బ్రిటన్ చీజ్ మాత్రం కాగితాల కట్టతో ఫ్రాన్స్‌కు వెళ్లింది. చివరకు 2024 జనవరి 31న ధ్రువపత్రాలు, ఏప్రిల్ 30న సరుకును విప్పి చూసే తనిఖీలు మొదలైనప్పుడు గోల దిగుమతిదారుల వంతు అయింది. డోవర్ రేవులో దిగిన లారీ తనిఖీ కోసం సుమారు 22 మైళ్ల లోపలికి, సెవింగ్టన్ దాకా వెళ్లాలి. దానికితోడు ఒక్కో రకం సరుకుకు గరిష్ఠంగా 29 పౌండ్ల చొప్పున, ఒక లోడుకు 145 పౌండ్లకు మించకుండా రుసుము విధించారు. సరుకును నిజంగా తనిఖీ చేసినా, చేయకపోయినా ఆ రుసుము పడుతుంది. లోడులో ఐదు రకాల చీజ్, మాంసం తెప్పించుకునే వీధి దుకాణదారు మీద ఇది ఎంత బరువో వేరే చెప్పనక్కరలేదు.

ఒప్పందం కుదిరిన రోజున అప్పటి ప్రధాని బోరిస్ జాన్సన్ సుంకాలే కాదు, సుంకేతర అడ్డంకులు (కాగితాలు, తనిఖీల వంటివి) కూడా ఉండవని ప్రజలకు చెప్పారు. వ్యాపారుల కోపంలో సగం ఆ మాట మీదనే. నిబంధనలు కష్టంగా ఉంటాయని ముందే చెప్పి ఉంటే సిద్ధమయ్యేవారు.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు బెల్‌ఫాస్ట్‌లో ఉంటున్నారు. మనవడి కోసం ఇంగ్లండ్‌లో చేత్తో కుట్టే ఒక చిన్న దుకాణం నుంచి బొంత తెప్పించబోతే, నార్తర్న్ ఐర్లండ్‌కు పంపడం మానేశామని జవాబు వచ్చిందట. అది కూడా బ్రిటన్ కిందికే వస్తుంది కదా! ఇదేం విడ్డూరం?
– ఒక అమ్మమ్మ, విజయవాడ

జవాబు: అమ్మా, మీ అమ్మాయి ఉంటున్న ఊరు ఈ మొత్తం వ్యవహారంలో అతి సున్నితమైన చోటు. నార్తర్న్ ఐర్లండ్‌కూ, ఐరోపా సమాఖ్యలో సభ్యదేశమైన ఐర్లండ్‌కూ మధ్య సుమారు 500 కిలోమీటర్ల సరిహద్దు ఉంది. మూడు దశాబ్దాల హింస తరవాత 1998లో కుదిరిన శాంతి ఒప్పందం పుణ్యాన అక్కడ సైనికుల కాపలా పోయింది. ఇవాళ రోడ్డు మీద వెళుతుంటే ఏ పొలంతో ఒక దేశం ముగిసిందో తెలియదు. అక్కడ మళ్లీ గేటు పెట్టడానికి ఎవరూ సాహసించలేదు. కానీ తనిఖీ ఎక్కడో ఒకచోట తప్పదు. అందుకని నార్తర్న్ ఐర్లండ్‌లో సరుకులకు సమాఖ్య నిబంధనలనే ఉంచి, ఆ గీతను సముద్రంలోకి జరిపారు. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌ల నుంచి సొంత దేశంలోని మరో భాగానికి వెళ్లే సరుకుకు కాగితాలు అవసరమయ్యాయి. అక్కడి వ్యాపారులతో 2019 నవంబరులో మాట్లాడుతూ, అలాంటి ఫారాలు ఎవరైనా నింపమంటే చెత్తబుట్టలో వేయమని చెప్పిన ప్రధాని కూడా జాన్సనే.

బ్రిటన్‌తో బంధం తెగిపోతోందన్న ఆవేదనతో, బ్రిటన్‌లోనే కొనసాగాలని కోరే డెమోక్రాటిక్ యూనియనిస్ట్ పార్టీ 2022 ఫిబ్రవరిలో అక్కడి ప్రభుత్వం నుంచి తప్పుకుంది. రెండేళ్లపాటు, అంటే 2024 ఫిబ్రవరి దాకా, ఆ ప్రాంతానికి పూర్తిగా పనిచేసే సొంత మంత్రివర్గం లేకుండా పోయింది. మధ్యలో 2023 ఫిబ్రవరిలో బ్రిటన్, సమాఖ్యల మధ్య విండ్సర్ ఒప్పందం వచ్చింది. నార్తర్న్ ఐర్లండ్‌లోనే అమ్ముడుపోయే సరుకుకు ఆకుపచ్చ దారి, ఐర్లండ్‌లోకి దాటే అవకాశం ఉన్నదానికి ఎర్ర దారి అని విడదీశారు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన పాల డబ్బా దొరికితే మీ అమ్మాయిని ఒకసారి తిప్పి చూడమనండి. ఐరోపా సమాఖ్యలో అమ్మకానికి కాదని దాని మీద రాసి ఉంటుంది.

ఇక బొంత విషయం. వినియోగ వస్తువుల భద్రతపై సమాఖ్య చేసిన కొత్త నిబంధన 2024 డిసెంబరు 13 నుంచి నార్తర్న్ ఐర్లండ్‌కూ వర్తిస్తోంది. దాని ప్రకారం అక్కడ వస్తువు అమ్మేవారికి సమాఖ్యలో గానీ నార్తర్న్ ఐర్లండ్‌లో గానీ ఆ వస్తువుకు జవాబుదారీగా ఒకరు ఉండాలి. ఏడాదికి నాలుగు బొంతలు అక్కడికి పంపే మనిషి అలాంటి ప్రతినిధిని పెట్టుకోలేక, పంపడమే మానేస్తుంది. ఆవిడనూ తప్పు పట్టలేము. సొంత దేశంలో ఒక ఊరి నుంచి మరో ఊరికి బొంత పంపడానికి ఇంత తతంగమా అని మీ అమ్మాయి విసుక్కుంటే ఆ విసుగు న్యాయమైనదే. బెల్‌ఫాస్ట్‌లోనే కుట్టేవారు ఉంటారు, లేదా డబ్లిన్ నుంచి తెప్పించుకోవచ్చు. ఆ వైపు ఏ అడ్డూ లేదు.

ప్రశ్న: మాంచెస్టర్‌లో చదువుకుంటున్నాను. సెలవుల్లో ప్యారిస్‌లో ఉన్న అక్క దగ్గరికి అమ్మ పంపిన నెయ్యి, మటన్ పచ్చడి పట్టుకెళ్లవచ్చా? బ్రెగ్జిట్ వల్లే నాకు వేరే వీసా కావలసి వచ్చిందని స్నేహితులు అంటున్నారు.
– ఒక విద్యార్థి

జవాబు: రెండూ వద్దు. బ్రిటన్ నుంచి మాంసం, పాల పదార్థాలు సొంత వాడకానికైనా ఐరోపా సమాఖ్యలోకి తీసుకెళ్లకూడదు. 2021 జనవరిలో ఓడ దిగిన బ్రిటన్ లారీ డ్రైవర్ల దగ్గర మాంసం పెట్టిన శాండ్‌విచ్‌లను నెదర్లాండ్స్ అధికారులు తీసేసుకోవడం టీవీల్లో ప్రపంచమంతా చూసింది. మామిడికాయ పచ్చడి, కారప్పొడి పట్టుకెళ్లండి. పచ్చి కరివేపాకు మాత్రం ధ్రువపత్రం లేకుండా కుదరదు. తిరుగు ప్రయాణంలోనూ జాగ్రత్త. కొన్ని ఐరోపా దేశాల్లో పశువులకు గాలికుంటు వ్యాధి రావడంతో 2025 ఏప్రిల్ 12 నుంచి బ్రిటన్ కూడా అక్కడి మాంసం, పాల పదార్థాలను ప్రయాణికులు తేవడం నిషేధించింది. వీసా మాట సరికాదు. బ్రిటన్ ఏనాడూ షెంగెన్‌లో (ఐరోపా దేశాల ఉమ్మడి వీసా ప్రాంతంలో) లేదు, భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి ఆ వీసా ముందూ అవసరమే.

ప్రశ్న: ఓటు వేసి బయటికి వచ్చింది వాళ్లే కదా. ఇప్పుడు ఎవరి మీద కోపం?
– ప్రైవేటు ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: ఈ మాట చాలామంది అంటారు. మేము ఒప్పుకోము. 2016 జూన్ 23న బ్యాలెట్ మీద ఉన్నది ఒక్క ప్రశ్న: సమాఖ్యలో ఉండాలా, బయటికి రావాలా అని. 51.9 శాతం మంది రావాలన్నారు. ఉమ్మడి విపణిని, బయటి సరుకు మీద అందరూ ఒకే సుంకం వేసే కస్టమ్స్ కూటమిని కూడా వదులుకోవాలా అని ఎవరూ వారిని అడగలేదు. ఆ సంగతి 2017 జనవరిలో అప్పటి ప్రధాని థెరిసా మే ప్రసంగంలో తేలింది. పైగా నార్తర్న్ ఐర్లండ్‌లో 55.8 శాతం మంది ఉండిపోదామనే ఓటు వేశారు.

వేల్స్‌లోని మెనై జలసంధిలో ఆల్చిప్పలు పెంచేవారి సంగతి చూడండి. వాటిని బతికుండగానే ఐరోపాకు పంపితే అక్కడ శుద్ధి చేసుకునేవారు. సభ్యదేశం కాకపోయేసరికి, శుద్ధి చేయనివి రాకూడదన్న నిబంధన వారికి వర్తించి, ఒక్క రోజులో ఆ అమ్మకం ఆగిపోయింది. నీటిలో మార్పు లేదు, ఆల్చిప్పలో మార్పు లేదు. సమాఖ్య వారిపై కక్ష కట్టిందనీ అనలేము, ఏ బయటి దేశానికైనా అదే నిబంధన.

2025 మే 19న లండన్‌లో బ్రిటన్ ప్రధాని కియర్ స్టార్మర్, ఐరోపా కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్‌డెర్ లేయెన్ సమావేశమై ఆహార తనిఖీలను చాలావరకు తగ్గించే ఒప్పందం చేసుకుందామని నిర్ణయించారు. దానికి బదులుగా ఆహార నిబంధనల్లో సమాఖ్య మార్పులను బ్రిటన్ ఎప్పటికప్పుడు అనుసరించాలి, ఆ చట్టానికి అర్థం చెప్పడంలో ఐరోపా న్యాయస్థానానిదే తుది మాట. అదే సమావేశంలో ఐరోపా పడవలకు బ్రిటన్ జలాల్లో 2038 దాకా వేట అనుమతి కొనసాగించారు. చీజ్ తయారీదారు ఊపిరి పీల్చుకున్న రోజునే మత్స్యకారుడు మోసపోయామన్నాడు. ఇద్దరి బాధా నిజమే.

ప్రశ్న: భారత్, బ్రిటన్ ఒప్పందంతో మన రొయ్యలకు సుంకం పోతుందంటున్నారు. ఇక మాకు అడ్డు లేనట్టేనా?
– రొయ్యల రైతు, భీమవరం

జవాబు: 2025 జులై 24న సంతకాలైన ఆ ఒప్పందం రొయ్యల మీద సుంకాన్ని తొలగిస్తుంది. సమాఖ్యలో ఉండి ఉంటే బ్రిటన్ విడిగా ఇలాంటి ఒప్పందం చేసుకోగలిగేదే కాదు. అయితే సుంకం వేరు, తనిఖీ వేరు అని మొదటి ఉత్తరానికి ఇచ్చిన జవాబు మీకూ వర్తిస్తుంది. ఐరోపా సమాఖ్య మన చెరువు రొయ్యల కంటైనర్లలో 10 శాతానికి చేసే నమూనా పరీక్షలను 2016లో 50 శాతానికి పెంచింది. కారణం సుంకం కాదు, యాంటీబయాటిక్ అవశేషాలు. 2014 మేలో మన మామిడిపండ్లను సమాఖ్య నిలిపివేసినప్పుడు కూడా అడ్డుపడింది పండు ఈగే. అప్పటికి సమాఖ్యలోనే ఉన్న బ్రిటన్‌లో కొనేవారు ఉన్నా ఆ వేసవిలో పండు చేరలేదు. కనుక రొయ్యలు పట్టే ముందు పరీక్ష చేయించి ఆ పత్రం దగ్గర ఉంచుకోండి. చెరువులో ఏ మందు ఎప్పుడు వాడారో తేదీతో సహా పుస్తకంలో రాసి పెట్టండి. ప్రాసెసింగ్ ప్లాంటువారు మొదట అడిగేది అదే.