కార్టూను వెనక జింకు రేకు

ప్రశ్న: తాతగారి ట్రంకుపెట్టెలో పాత వారపత్రికలు దొరికాయి. రాజకీయ కార్టూన్లన్నీ బండ గీతలే. అప్పటివాళ్లకి సన్న గీత చేతకాలేదా? (నరసాపురం పాఠకుడు)

చేతకాక కాదండీ, సన్న గీత అచ్చులో నిలిచేది కాదు. బొమ్మని నల్ల సిరాతో అచ్చు సైజుకి ఒకటిన్నర రెట్లో, రెండు రెట్లో పెద్దగా వేసేవారు. దాన్ని బ్లాకు (బొమ్మ అచ్చుకొట్టే లోహపు దిమ్మ) తయారుచేసేచోట కెమెరాతో చిన్నది చేసి, ఆ నెగటివుని మందు పూసిన జింకు రేకు మీద పెట్టి, ఆర్క్ దీపం వెలుగు చూపించేవారు. వెలుగు తగిలినచోట పూత గట్టిపడి గీత మిగులుతుంది, తక్కిందాన్ని నైట్రిక్ యాసిడ్ తినేస్తుంది.

చిక్కంతా ఆ తినడంలోనే ఉంది. యాసిడ్ లోతుకే కాదు, పక్కలకీ పోతుంది. గీత కింద గుల్లయితే కొద్ది కాపీలకే విరిగి ఊరుకుంటుంది. అందుకని ఒకేసారి తినిపించకుండా కాస్త తినిపించి, తీసి, నాలుగు దిక్కుల నుంచీ రెసిన్ పొడి బ్రష్షుతో గీతల పక్కలకి పట్టించి, వేడిచేసి, అది కరిగి పక్కల్ని యాసిడ్ నుంచి కాచేలా అంటుకున్నాక, మళ్లీ యాసిడ్‌లో ముంచేవారు. ఇలా మూడు నాలుగు దఫాలు.

ఇక లెక్క చూడండి. రెండు రెట్లు పెద్దగా వేసిన బొమ్మలో గీతకీ గీతకీ మధ్య ఒక మిల్లీమీటరు ఖాళీ ఉంటే అచ్చులో అరమిల్లీమీటరే. న్యూస్‌ప్రింటు సిరా పీల్చి పాకించే కాగితం కాబట్టి ఖాళీ మరీ సన్నదైతే పూడి నల్ల మచ్చవుతుంది. తెలిసిన చిత్రకారుడు నీడకి గీతలు తక్కువేసి, నల్లరంగు పెద్ద ముద్దగా పెట్టేవాడు. నాయకుడి కోటు మొత్తం నల్లగా ఉండటానికి కారణం రాజకీయమే కానక్కర్లేదు!

మరో ముచ్చట. అసలు బొమ్మ చేతికొస్తే నీలం పెన్సిలు గీతలు కనిపిస్తాయి. అవి చెరపడం మరిచిపోయినవి కావు. బ్లాకు కెమెరాలో వాడే ఫిలిముకి లేత నీలం తెల్లగానే కనబడేది, అందుకే చెరిపే పని లేకుండా వాడేవారు. ఎరుపు మాత్రం నలుపుగా పడేది.

ప్రశ్న: మూసేసిన ఓ ప్రెస్సు సామానులో చెక్కకి మేకులతో కొట్టిన లోహపు బొమ్మలు, తిరగేసి ఉన్నవి, కొన్నాను. ఇంట్లో అచ్చు తీయొచ్చా? (పాలకొల్లు పాఠకురాలు)

తీయొచ్చు. ముందు భూతద్దంతో చూడండి. ఒట్టి గీతలుంటే లైన్ బ్లాకు. వరసలు కట్టిన చుక్కలుంటే హాఫ్‌టోన్ బ్లాకు, అంటే ఫొటో. చెంచాతో రుద్దితే హాఫ్‌టోన్ అలుక్కుపోతుంది, మొదట లైన్ బ్లాకులతోనే మొదలుపెట్టండి.

ఎండిన సిరాని కిరసనాయిలు, మెత్తటి పాత పళ్ల బ్రష్షు కలిపి వదిలించండి. తీగ బ్రష్షు వద్దు, నీళ్లూ వద్దు. జింకుకి తెల్ల తుప్పు పడుతుంది, చెక్క ఉబ్బి రేకుని పైకెత్తేస్తుంది. మేకు తల పైకొచ్చి ఉంటే ప్రతి కాపీలోనూ నల్ల చుక్క పడుతుంది, సన్న ఉలితో లోపలికి దించండి.

అచ్చు సిరా బఠాణీ గింజంత అద్దం పలకమీద వేసి, రబ్బరు రోలరుతో పరచండి. సన్నగా చిటచిటమంటుంటే సరిపడా ఉన్నట్టు. జిగటగా లాగి చప్పుడు పెద్దదైతే ఎక్కువైనట్టు, సగం తుడిచేయండి. పల్చటి, మెరుపు లేని కాగితం పరచి, స్టీలు చెంచా వెనకభాగంతో నడిమి నుంచి అంచులకి రుద్దండి. తొలి రెండు కాపీలు మురికిగానే వస్తాయి.

ట్రెడిల్ (కాలితో తొక్కి నడిపే అచ్చుయంత్రం) మీద వేయించాలంటే మాత్రం రేకు, చెక్క కలిపి ఎత్తు అక్షరాల ఎత్తుకి, అంటే 0.918 అంగుళానికి రావాలి. పురుగు తిని పల్లమైన చెక్క కింద కాగితం ముక్కలు అతికించి సరిచేసుకోండి.

ప్రశ్న: పాత ‘పంచ్’ సంపుటిలో ఓ కార్టూను మధ్యగా తెల్లటి వెంట్రుకలాంటి గీత ఉంది. చిరుగా? (రాజమండ్రి)

కాదు, అతుకు. 1841లో మొదలైన ఆ లండను వ్యంగ్య పత్రికకి తొలి దశాబ్దాల్లో పెద్ద బొమ్మల్ని బాక్స్‌వుడ్ దిమ్మల మీద చెక్కేవారు. ఆ చెట్టు మాను సన్నం కాబట్టి నాలుగైదు ముక్కలు బోల్టులతో బిగించి ఒక్క దిమ్మ చేసేవారు. బోల్టు వదులైతే సందులోకి సిరా అందక తెల్ల గీత పడుతుంది.

ప్రశ్న: తెలుగులో ఈ వ్యంగ్యం ఎక్కడ మొదలైంది? (భీమవరం)

మాటల్లో అయితే మన గోదావరి గట్టునే. కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో 1874లో ‘వివేకవర్ధని’, ఆపైన ‘హాస్య సంజీవని’ నడిపి లంచగొండుల్నీ, ఛాందసుల్నీ ప్రహసనాలతో ఉతికేశారు. బొమ్మల్లో అయితే తొలి తెలుగు కార్టూనిస్టుగా తలిశెట్టి రామారావు పేరు చెబుతారు. బాపు నరసాపురంలో పుట్టినవారేనని వేరే చెప్పాలా?

ప్రశ్న: కోనసీమ చెమ్మకి మా పత్రికలు బూజు పడుతున్నాయి. మొన్న వరదకి ఓ కట్ట తడిసింది కూడా. (అమలాపురం)

తడిసిన కట్టని ముందు చూడండి. పేజీలు బలవంతంగా విడదీయొద్దు. రెండు రోజుల్లో ఆరబెట్టలేకపోతే కట్టల్ని ప్లాస్టిక్ కవర్లలో చుట్టి డీప్ ఫ్రీజరులో పెట్టి, వీలుని బట్టి ఒక్కొక్కటే తీసి నీడలో ఫ్యాను కింద ఆరబెట్టండి. మేడమీద అప్పడాల్లా ఎండలో పరచొద్దు, న్యూస్‌ప్రింటు పసుపెక్కి పెళుసవుతుంది.

బూజు పూర్తిగా ఆరాకే, ఆరుబయట, మూతికి మాస్కు కట్టుకుని మెత్తటి బ్రష్షుతో దులపండి. తడిగుడ్డతో తుడిస్తే ఇంకా పాకుతుంది. కలరా ఉండలు పురుగులకే, బూజుని ఆపవు. బీరువాని బయటిగోడకి నాలుగంగుళాలు దూరంగా, పీట మీద ఉంచండి. తుప్పుపట్టిన పిన్నుల్ని లాగేయకుండా వెనక కాళ్లు విప్పి తీసి, నూలుదారంతో కుట్టండి. చిరుగులకి సెల్లోటేపు, బొమ్మలకి లామినేషను రెండూ వద్దు. టేపు జిగురు గోధుమరంగు మరకై కాగితంలోకి దిగుతుంది, లామినేషను ఇక ఊడిరాదు.