రాజీనామా సంగతి తర్వాత, ముందు ఆ నొప్పి బిళ్లలు ఆపండి

ప్రశ్న: నా వయసు 33. మాది సోంపేట దగ్గర పల్లె. బెంగళూరులో ఒక కార్పొరేట్ కంపెనీలో చేరి నాలుగేళ్ల ఏడు నెలలైంది. రోజూ పన్నెండు గంటల పని, రాత్రిళ్లు అమెరికా వాళ్లతో కాల్స్. ఏడాదిగా తలనొప్పి, గ్యాస్, నిద్రలేమి. తలనొప్పికి దాదాపు రోజూ ఒక నొప్పి బిళ్ల, పొద్దున్నే గ్యాస్ బిళ్ల వేసుకుంటాను. నిద్ర కోసం ఎనిమిది నెలలుగా అల్ప్రాజోలం 0.5 వాడుతున్నాను. శనివారాలు స్నేహితులతో కొంచెం డ్రింక్ చేస్తాను. ఆఫీసు హెల్త్ క్యాంపులో బీపీ 158/102 వచ్చింది, టెన్షన్ వల్లేనన్నారు. దారిలో చిన్న యాక్సిడెంట్ అయి ఆస్పత్రిలో పడితే నాలుగు రోజులు ఎవరూ ఫోన్ చేయరు కదా అని ఒక్కోసారి అనిపిస్తుంది. రాజీనామా చేసేద్దామనుకుంటున్నాను. తిత్లీ తుఫానులో కొబ్బరితోట పోయిన దగ్గర్నుంచి ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. నాన్నకు షుగర్, బీపీ ఉన్నాయి. పెదనాన్న డయాలసిస్ చేయించుకుంటున్నారు. పేపర్లు ఎప్పుడు పెట్టాలి? మేనేజర్‌కి, ఇంట్లో ఎలా చెప్పాలి? నోటీస్ పీరియడ్ 90 రోజులు. ఏ జబ్బు పేరుతో సర్టిఫికెట్ పెడితే త్వరగా వదిలేస్తారు?
(పాఠకుడు, సోంపేట మండలం)

సమాధానం: జనరల్ ఫిజీషియన్, శ్రీకాకుళం

ఓపీ మధ్యలో రాస్తున్నాను, అందుకే సూటిగా చెబుతాను. మీరు అడిగింది రాజీనామా గురించి. నేను ఆగిపోయింది మాత్రం "దాదాపు రోజూ ఒక నొప్పి బిళ్ల" అన్న దగ్గర. మీది సోంపేట. ఇంట్లో ఒకరు ఇప్పటికే డయాలసిస్‌లో ఉన్నారు. ఆఫీసు క్యాంపులో బీపీ 158/102 వచ్చింది. ఈ మూడూ కలిపి ఒక డాక్టర్ ముందు పెడితే ఆయన మిమ్మల్ని ఉద్యోగం గురించి అడగడు, క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) ఎంత అని అడుగుతాడు. మీ ఉత్తరంలో ఆ మాటే లేదు.

శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఉద్దానం ప్రాంతంలో పుట్టినవాళ్లకు కిడ్నీ జబ్బు గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఏ ఊరికి వెళ్లినా కిడ్నీ జబ్బుతో పోయినవారి పేర్లు చెబుతారు. కారణం ఇదీ అని ఇప్పటికీ ఖరారు కాలేదు. నీళ్లు, ఎండలో చెమట పోయేలా చేసే పని, నొప్పి మాత్రలు, ఇలా చాలావాటి మీద అనుమానాలున్నాయి. కారణం ఏదైనా, ముప్పు ఉన్న ప్రాంతంలో పుట్టి, ముప్పు ఉన్న కుటుంబంలో పెరిగిన మనిషి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి బిళ్లలు రోజూ మింగడం నాకు చాలా భయం కలిగిస్తోంది. ఇవి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి, బీపీని పెంచుతాయి, బీపీ మందులు వేసుకుంటే వాటి పనినీ తగ్గిస్తాయి. కిడ్నీ చెడుతున్నప్పుడు నొప్పి ఉండదు. ఆకలి తగ్గడం, కాళ్లు వాయడం, ఆయాసం మొదలయ్యేసరికి చాలావరకు పోయి ఉంటుంది. నడుం నొప్పికి రెండేళ్లు మెడికల్ షాపు బిళ్లలు వాడి, చివరికి వాంతులతో నా దగ్గరికి వచ్చినవాళ్లను చూశాను. వాళ్లలో మీ వయసువాళ్లూ ఉన్నారు. "ముందే ఎందుకు రాలేదు" అని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: పని తెమలలేదు అని.

ఇంకో సంగతి. మీ తలనొప్పికి ఇప్పుడు ఆ బిళ్లలే కారణం అయ్యుండవచ్చు. మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, రెండు మూడు మందులు కలిపిన మాత్రలైతే 10 రోజులు, మూడు నెలలకు మించి వాడితే ఆ మాత్రల వల్లే తలనొప్పి మళ్లీ మళ్లీ రావచ్చు. వేసుకుంటే కాసేపు తగ్గి, మర్నాడు మళ్లీ వస్తుంది. మీరేమో అది ఆఫీసు వల్ల అనుకుంటారు. రాజీనామా చేసి ఊరికొచ్చినా ఆ నొప్పి మీతోపాటే వస్తుంది. మాత్రలు మానేసిన మొదటి వారం, పది రోజులు నొప్పి ఎక్కువవుతుంది కూడా. అందుకే బిళ్లలు ఇప్పుడే ఆపి, ఆ రోజులు గడవడానికి త్వరగా డాక్టర్‌ను కలవండి. ఉదయం లేవగానే తల బరువుగా ఉంటుందా? గురక పెడతారా? మీకు తెలియదు, రూమ్మేట్‌ని అడగండి. గురక, పొద్దుటి తలనొప్పి, చిన్న వయసులో బీపీ కలిసి ఉంటే నిద్రలో శ్వాస ఆగే జబ్బు ఉందేమో చూడాలి.

అల్ప్రాజోలం సంగతికి వస్తే మిమ్మల్ని కాస్త కోప్పడక తప్పదు. అది చీటీ లేకుండా అమ్మకూడని మందు. షెడ్యూల్ హెచ్1 అనే గట్టి నియంత్రణ ఉన్న మందుల జాబితాలో ఉంది, షాపువాళ్లు కొన్నవారి వివరాలు రిజిస్టర్లో రాయాలి. ఎనిమిది నెలలుగా మీకు ఎవరిస్తున్నారో, ఎవరి చీటీ మీద ఇస్తున్నారో నేను అడగను, కానీ మీ డాక్టర్‌కు చెప్పండి. ఈ సమాధానం చదివి ఇవాళ రాత్రే దాన్ని విసిరేయవద్దు. ఇన్ని నెలలు వాడినదాన్ని ఒక్కసారిగా ఆపితే నిద్ర పూర్తిగా పోతుంది, గుండెదడ, వణుకు, కొందరిలో ఫిట్స్ కూడా వస్తాయి. డాక్టర్ చెప్పినట్టు వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి. ఆ బిళ్ల, శనివారం తాగే మద్యం ఒకే రాత్రి ఒంట్లో ఉండకూడదు. రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది. ఈ శనివారం నుంచే మద్యం మానండి, దానికి ఎవరి సలహా అక్కర్లేదు.

ఇక మీరు ఒక వాక్యంలో రాసి దాటేసిన మాట. యాక్సిడెంట్ అయితే బాగుండు అనిపించడం. అలసిపోయిన మనిషికి అలాంటి ఆలోచన రావచ్చు, కానీ దాన్ని ఏ డాక్టరూ తేలిగ్గా తీసుకోడు. రెండు వారాలకు పైగా దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం, నేనెందుకూ పనికిరాను అనిపించడం కూడా ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. మందులతో, మాటలతో నయమయ్యే జబ్బు అది. సైకియాట్రిస్టును కలవండి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే ఆ రాత్రి ఒంటరిగా ఉండకండి. పక్కనున్నవాళ్లను లేపండి, దగ్గరి ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలి మానస్ నంబరు 14416, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఇది మీకు వర్తించదనిపించినా నంబరు ఫోన్లో పెట్టుకోండి.

ఈ స్థితిలో రాజీనామా లాంటి నిర్ణయం తీసుకోవద్దని నా సలహా. ఉద్యోగం మంచిదని నేను అనడం లేదు. వారానికి 55 గంటలు, అంతకుమించి పనిచేసేవారికి, 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే, పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పాయి. మీవి అరవై గంటలు దాటుతున్నాయి. బహుశా మీరు మానాల్సిందే. కానీ సరిగ్గా నిద్రపోక ఎన్నో నెలలైంది, రాత్రి నిద్రమాత్ర మత్తు, పగలు తలనొప్పి. ఇలాంటప్పుడు తీసుకున్న నిర్ణయం మంచిదో కాదో మీకే తెలియదు. ముందు సెలవు పెట్టండి. సిక్ లీవో, మిగిలిన ఎర్న్‌డ్ లీవో, కనీసం రెండు వారాలు. మొదటి మూడు రోజుల్లోనే పరీక్షలు చేయించుకోండి: క్రియాటినిన్, ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడపోసే శక్తి), మూత్రంలో అల్బుమిన్ (ప్రొటీన్), షుగర్, హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12, కొలెస్ట్రాల్, ఈసీజీ. గ్యాస్ బిళ్ల కూడా ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గవచ్చు, అరుదుగా కిడ్నీనీ ఇబ్బంది పెడుతుంది. అది అవసరమా కాదా డాక్టర్ తేలుస్తారు. నొప్పి బిళ్లలు మానితే మీ గ్యాస్ సగం తగ్గవచ్చని నా అనుమానం.

బీపీ ఒక్కసారి చూసి జబ్బని చెప్పలేం, అలాగని టెన్షన్ వల్లేనని కొట్టిపారేయలేం. మోచేతి పైన కట్టే బీపీ మిషన్ కొనండి. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, ఉదయం రెండుసార్లు, రాత్రి రెండుసార్లు, ఏడు రోజులు చూసి రాయండి. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు 135/85 అంతకంటే ఎక్కువుంటే బీపీ ఉన్నట్టే. 180/120 దాటి, ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబాటు, ఒక పక్క బలహీనత ఏది ఉన్నా కాగితాలు రాస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. బెంగళూరులో వీలు కాకపోతే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పలాసలో దిగండి. 2023 డిసెంబరులో మొదలైన కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆస్పత్రి అక్కడే ఉన్నాయి. మీ ఇంటికి దగ్గర.

సర్టిఫికెట్ గురించి: ఏ జబ్బు పేరు రాస్తే నమ్ముతారు అని డాక్టర్‌ను అడగకూడదు. లేని జబ్బు నేను రాయను, ఎవరూ రాయకూడదు. మీకు దాని అవసరమూ లేదు. బర్నౌట్‌ను, అంటే పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడాన్ని, ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో జబ్బుగా చేర్చలేదు, పని వల్ల వచ్చే స్థితి అని మాత్రమే పెట్టింది. కానీ అధిక రక్తపోటు, నిద్రలేమి, డిప్రెషన్ జబ్బులే. పరీక్షల్లో తేలితే మీ డాక్టర్ ఇచ్చే కాగితం నిజమైనదే అవుతుంది. నోటీస్ తగ్గించడం కంపెనీ ఇష్టం, అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఏముందో చదువుకోండి.

నేను డబ్బు విషయాల్లో సలహాదారుని కాను గానీ, ఉద్యోగాలు మానేసి వచ్చిన పేషెంట్లు పడే ఇబ్బంది రోజూ చూస్తాను కాబట్టి ఇన్సూరెన్స్ సంగతి చెప్పాలి. కంపెనీ పాలసీ సాధారణంగా ఆఖరి పనిదినంతో ఆగిపోతుంది. మీ నాన్నగారి పేరు కూడా దానిలోనే ఉంటే ఆయనకూ ఆగిపోతుంది. షుగర్, బీపీ ఉన్నవారికి కొత్త పాలసీలో పాత జబ్బులకు మూడేళ్ల వరకు ఎదురుచూడాల్సి రావచ్చు. అందుకే పేపర్లు పెట్టకముందే అదే ఇన్సూరెన్స్ కంపెనీని అడగండి, గ్రూపు పాలసీ నుంచి సొంత పాలసీకి మారే వీలుందా అని. రాతపూర్వకంగా అడగండి. అప్లికేషన్‌లో బీపీ, అల్ప్రాజోలం దాచకండి. దాచిపెట్టి తర్వాత క్లెయిమ్ తిరస్కరించారని నా టేబుల్ ముందు ఏడ్చిన కుటుంబాలున్నాయి. గ్రాట్యుటీకి మామూలుగా ఐదేళ్లు నిండాలి. మీకు ఇంకా ఐదు నెలలు. రెండు నెలలు వైద్యానికి పెట్టి, ఆ తర్వాత పేపర్లు పెడితే 90 రోజుల నోటీస్ పూర్తయ్యేసరికి ఐదేళ్లు నిండుతాయి. ఒకటి రెండు వారాలు అటూ ఇటూ అయ్యేలా ఉంటే తేదీలు హెచ్ఆర్‌తో సరిచూసుకోండి. కానీ క్రియాటినిన్ పెరిగి ఉన్నా, సైకియాట్రిస్టు వెంటనే మానమన్నా ఈ లెక్క పక్కన పెట్టేయండి. గ్రాట్యుటీ కోసం ఐదు నెలలు శరీరాన్ని పణంగా పెట్టమని నేను చెప్పను.

మేనేజర్‌కి ఎలా చెప్పాలో నాకన్నా మీకే బాగా తెలుసు. రాత్రి కాల్ అయ్యాక కోపంలో మెయిల్ పంపకండి. పొద్దున్న పంపండి, నాలుగు వాక్యాలు చాలు, జబ్బు వివరాలు రాయాల్సిన పని లేదు. ఇంట్లో మాత్రం ముందే చెప్పండి. ఫోన్లో కాదు, ఊరికి వచ్చి, రిపోర్టులు చేతిలో పెట్టుకుని చెప్పండి. 2018 అక్టోబరులో తిత్లీకి తోట పోయినప్పుడు కుదేలైన మనిషి మీ నాన్న. "ఉద్యోగం మానేస్తున్నా" అన్న మాట ముందు వింటే ఆయనకు డబ్బే గుర్తొస్తుంది. బీపీ కాగితం ముందు చూస్తే కొడుకు గుర్తొస్తాడు. పెదనాన్నగారి డయాలసిస్ రోజూ చూస్తున్న ఇల్లు కదా, వాళ్లకు మీరు ఎక్కువ వివరించక్కర్లేదు.

నేను మిమ్మల్ని చూడలేదు, ఉత్తరం మాత్రమే చదివాను. పైన రాసిన వాటిలో ఏ మందు మార్పైనా మిమ్మల్ని పరీక్షించిన డాక్టర్ చెప్పాకే చేయండి. ఒక్క నొప్పి బిళ్ల విషయంలో మాత్రం ఎదురుచూడవద్దు. డాక్టర్‌ను కలిసేదాకా తలనొప్పి భరించలేనంత ఉంటే పారాసిటమాల్, అదీ వారంలో రెండు రోజులకు మించకుండా. కాలేయ జబ్బు ఉంటే అదీ వద్దు.

ఊరికి వచ్చినప్పుడు మీ నాన్నగారిని కూడా వెంట తీసుకెళ్లి క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ చేయించండి. షుగర్, బీపీ రెండూ ఉన్న ఉద్దానం మనిషి. మోకాళ్ల నొప్పులకు ఆయన ఏమి వాడుతున్నారో కూడా ఆయన మందుల సంచి తెరిచి ఒకసారి చూడండి.