అబ్బాయిని పైలట్ చేయాలంటే ఫ్లయింగ్ స్కూల్‌ను ఎలా ఎంచుకోవాలి?

"మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు, పైలట్ అవుతానంటున్నాడు. ఏడాదిలో సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) వచ్చేస్తుందని, ఫీజంతా ఒకేసారి కడితే ఐదు లక్షలు తగ్గిస్తామని ఒక స్కూల్ వాళ్లు చెబుతున్నారు. పొలం అమ్మి కట్టేయమంటారా?" అని అడిగారు.

ఇప్పుడే కట్టకండి. పొలం జోలికి వెళ్లేలోపు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి, ఫీజుతో పోలిస్తే వాటికయ్యేది చాలా తక్కువ. నేను వరంగల్ వైపు నుంచి ఇదే దారిలో వచ్చి ఇప్పుడు ఎయిర్‌బస్ ఏ320 మీద ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కో-పైలట్‌గా చేస్తున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు మెడికల్. పైలట్ లైసెన్సులు ఇచ్చే కేంద్ర సంస్థ డీజీసీఏ గుర్తించిన డాక్టర్ల దగ్గర ముందు క్లాస్ 2 అనే ఆరోగ్య పరీక్ష, ఆ తర్వాత ఇంకా గట్టిదైన క్లాస్ 1. రెండూ అయ్యాకే అడ్మిషన్ మాట. కళ్లద్దాలున్నా భయం లేదు, అద్దాలతో చూపు సరిగ్గా ఉంటే చాలు. రంగులు పోల్చుకోలేకపోతే మాత్రం కష్టం. నాతోపాటు చేరిన ఒకబ్బాయి సగం ఫీజు కట్టాక క్లాస్ 1లో అన్‌ఫిట్ అయ్యాడు. ఆ డబ్బు కోసం వాళ్ల నాన్న ఆ స్కూల్ చుట్టూ తిరగడం కళ్లారా చూశాను.

మెడికల్ అయ్యాక డీజీసీఏ పరీక్ష పేపర్లు. నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్. ఒక్కోదానిలో 70 శాతం రావాలి. రేడియోలో మాట్లాడే లైసెన్స్ కోసం ఆర్‌టీఆర్ అనే పరీక్ష వేరే. వీటిలో వీలైనన్ని ఫ్లయింగ్‌కు ముందే రాసేయమనండి. స్కూల్‌లో చేరాక పొద్దున్నే ఎండలో రన్‌వే చుట్టూ సర్క్యూట్లు కొట్టి వచ్చి రాత్రి నావిగేషన్ లెక్కలు చేయడం మామూలు టెన్షన్ కాదు. పైగా ఆ పుస్తకాలతో నాలుగు నెలలు కూర్చుంటే, అబ్బాయికి ఉన్నది నిజమైన ఇష్టమో యూనిఫాం మీద మోజో మీకే తెలిసిపోతుంది.

ఇక స్కూల్ సంగతి. బ్రోషర్‌లో ఎన్ని విమానాలున్నాయని చూడొద్దు, ఈ రోజు ఎన్ని ఎగిరాయని చూడండి. పొద్దున ఆరింటికల్లా అక్కడికి వెళ్లి, అనుమతి అడిగి, ఆ రోజు ఫ్లయింగ్ ప్లాన్ చేసే ఆప్స్ రూమ్‌లోని బోర్డు చూడండి. వీటీతో మొదలయ్యే విమానం నంబరు, పక్కన ఇన్‌స్ట్రక్టర్ పేరు, స్టూడెంట్ పేరు రాసి ఉంటాయి. ఏ నంబరు ఎదురుగానైనా ఏఓజీ అని ఉంటే ఆ విమానం రిపేరుకు ఆగిపోయిందన్నమాట. తర్వాత హ్యాంగర్‌లోకి వెళ్లండి. చెకింగ్ కోసం ఇంజిన్ కవర్ విప్పి, చుట్టూ ఇద్దరు మనుషులు పని చేస్తుంటే అది మంచి గుర్తే. టైర్లలో గాలి దిగిపోయి, రెక్క మీద వేలితో పేరు రాసేంత దుమ్ము పట్టిన సెస్నా ట్రైనింగ్ విమానం కనిపిస్తే మాత్రం దాన్ని లెక్కలోంచి తీసేయండి. నేను ముందు చూసిన ఒక స్కూల్‌లో అలాంటివే ఎక్కువ. విడిభాగాలు విదేశాల నుంచి రావాలి, వచ్చేస్తున్నాయి అన్నారు. అక్కడ చేరలేదు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. నిజంగా తిరిగే విమానాలు నాలుగు, ఒక్కోటి రోజుకు ఐదు గంటల చొప్పున నెలలో 22 రోజులు ఎగిరిందనుకోండి. మొత్తం 440 గంటలు. స్టూడెంట్లు 60 మంది ఉంటే నెలకు ఒక్కొక్కరికి ఏడు గంటల పైచిలుకు. సీపీఎల్‌కు 200 గంటలు కావాలి. అంటే రెండేళ్లు దాటిపోతుంది, ఇందులో వానలు, పొగమంచు కలపనే లేదు. ఏడాదిలో అయిపోతుందన్న వాళ్ల ముందు ఇదే లెక్క పెట్టి జవాబు అడగండి. ఇన్‌స్ట్రక్టర్లు ఎంతమంది, వాళ్లలో ఈ ఏడాది ఎంతమంది మానేశారన్నది కూడా కనుక్కోండి. విమానం ఉండి ఇన్‌స్ట్రక్టర్ లేక కూర్చున్న రోజులు నాకూ ఉన్నాయి.

ఆఫీసులో చెప్పే మాటలకన్నా బయట టీ కొట్టు దగ్గర పాత స్టూడెంట్లు చెప్పేవి నమ్మదగినవి. ఏ నెలలో చేరావు, ఇప్పటికి ఎన్ని గంటలయ్యాయి? ఈ రెండే అడగండి. ఎగరకుండానే లాగ్‌బుక్‌లో (ఎగిరిన గంటలు నమోదు చేసే పుస్తకం) గంటలు రాసిస్తామనే చోటి నుంచి అబ్బాయిని వెంటనే బయటకు తీసుకొచ్చేయండి. రేపు అతని వెనక వందల మంది కూర్చుంటారు.

డీజీసీఏ 2025 నుంచి ఫ్లయింగ్ స్కూళ్లకు గ్రేడ్లు ఇస్తోంది. మొదటి జాబితాలో ఒక్క స్కూల్‌కూ 'ఎ' గ్రేడ్ రాలేదు, అన్నీ బి, సి లే. కాబట్టి పేరు చూసి కళ్లు మూసుకుని చేరే పరిస్థితి లేదు. రాయ్‌బరేలీ దగ్గర ఫుర్సత్‌గంజ్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ అకాడమీ ఇగ్రువాకు ఎంట్రన్స్ రాయించండి, ప్రయత్నించడంలో నష్టం లేదు. కాకపోతే అక్కడ చలికాలం పొగమంచు ఉంటుంది. హైదరాబాద్‌లోనే ఉండాలనుకుంటే బేగంపేట విమానాశ్రయం ఉంది. కంట్రోల్ టవర్‌తో రేడియోలో మాట్లాడే అలవాటు మొదటి రోజు నుంచే వస్తుంది, వీఐపీల రాకపోకలప్పుడు మాత్రం ఆగాలి. అమెరికా, దక్షిణాఫ్రికాల్లో ఫ్లయింగ్ త్వరగా అవుతుంది, కానీ తిరిగొచ్చాక ఇక్కడి లైసెన్స్‌కు మార్చుకోవాలి, డీజీసీఏ పరీక్షలు తప్పవు.

డబ్బు విషయంలో గట్టిగా ఉండండి. ఎగిరిన గంటలను బట్టి వాయిదాల్లో కడతామని చెప్పండి, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారో కాగితం మీద రాయించుకోండి. ఒప్పుకోకపోతే ఐదు లక్షల తగ్గింపు వదిలేసుకోండి. సీపీఎల్‌కు మామూలుగా 50 లక్షల పైమాటే అవుతుంది, అది వచ్చాక ఏ320 లాంటి విమానం నడపడానికి కావాల్సిన ప్రత్యేక శిక్షణ, టైప్ రేటింగ్ అంటే మరో పదిహేను, ఇరవై లక్షలు. అది చేసినా ఉద్యోగం వెంటనే వస్తుందన్న హామీ లేదు. ఖాళీగా ఉన్నన్నాళ్లూ క్లాస్ 1 మెడికల్, బయట కనిపించనప్పుడు పరికరాలు చూసి నడపడానికి ఇచ్చే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఏడాదికోసారి రెన్యూ చేయించుకోవాలి, దానికీ ఖర్చే. కాబట్టి పొలం మొత్తం స్కూల్ ఫీజుకే పోయేలా ఉంటే ఆగండి. సగం లోన్‌కు బ్యాంకుకు వెళ్లండి, ఇంత మొత్తానికి తాకట్టు అడుగుతారు, అప్పుడు ఆ పొలం కాగితాలే పనికొస్తాయి.