గగారిన్, షెపర్డ్ కాలం నాటి వ్యోమనౌకల్లో అంత గొప్పేముంది?

మీరు అడిగింది ఇది: మొదటి వ్యోమగాములు ఆ నౌకల్ని నడిపిందేమీ లేదు, అంతా ఆటోమేటిక్, వాళ్లకంటే ముందు కుక్కలూ చింపాంజీలూ కూడా వెళ్లొచ్చాయి, మరి ఆ చిన్న డబ్బాల గురించి అరవై ఏళ్ల తర్వాత కూడా ఎందుకు చెప్పుకుంటున్నారు అని.

నేను రాకెట్ల మనిషిని కాదు. ఒక థర్మల్ కేంద్రంలో ముప్పై ఏళ్లు కంట్రోల్ రూమ్ డెస్క్ మీద పనిచేసి రిటైరయ్యాను. కిందటేడు హ్యూస్టన్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు స్పేస్ సెంటర్ హ్యూస్టన్‌కి తీసుకెళ్లింది. అక్కడ ఫెయిత్ 7 ఉంది, అమెరికా మొదటి వ్యోమగాములు వెళ్లిన మెర్క్యురీ నౌకల్లో చివరిసారి ఎగిరినది. అడుగు భాగం వెడల్పు 1.9 మీటర్లు, అంటే మన మంచం పొడవంత. దాని ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను, ఎందుకో చెప్తాను.

1963 మే 15న వ్యోమగామి గోర్డన్ కూపర్ అందులో ఎక్కాడు. మొత్తం 22 ప్రదక్షిణలు, 34 గంటల పైచిలుకు. మొదటి 18 చుట్లు హాయిగా సాగాయి, మధ్యలో నిద్ర కూడా పోయాడు. 19వ చుట్టులో ఒక లైటు వెలిగింది, నౌక కిందికి దిగడం మొదలైందని చెప్పే లైటు. కానీ నౌక దిగడం లేదు, ఎక్కడున్నది అక్కడే తిరుగుతోంది. తర్వాత నౌక ఏ వైపుకి తిరిగి ఉందో చూపించే రీడింగులు పోయాయి, ఆ తర్వాత ఒక షార్ట్ సర్క్యూట్‌తో ఆటోమేటిక్ కంట్రోల్‌కి కరెంటే పోయింది. ఇంకోపక్క కార్బన్ డయాక్సైడ్ పెరుగుతోంది, క్యాబిన్ వేడెక్కుతోంది. అప్పుడాయన కిటికీ అద్దం మీద గీసుకున్న గీతలతో భూమి అంచునూ నక్షత్రాలనూ సరిపోల్చుకుని నౌకను చేత్తోనే సరైన కోణంలో నిలబెట్టాడు, చేతి గడియారం చూసుకున్నాడు, జపాన్ దగ్గర ఓడలో ఉన్న తోటి వ్యోమగామి జాన్ గ్లెన్ రేడియోలో అంకెలు లెక్కపెడుతుంటే నౌక వేగం తగ్గించి కిందికి దించే రెట్రో రాకెట్లు పేల్చాడు. పసిఫిక్‌లో తనకోసం కాచుకుని ఉన్న ఓడకి ఏడు కిలోమీటర్ల దూరంలో పడ్డాడు.

ఇది చదువుతుంటే నాకు 1990ల్లో ఒక నైట్ షిఫ్ట్ గుర్తొస్తుంది. బాయిలర్ డ్రమ్‌లో నీటి లెవెల్ చూపించే ట్రాన్స్‌మిటర్ తప్పుగా చూపించడం మొదలుపెట్టింది. నీళ్లు ఎక్కువయ్యాయనుకుని ఆటోమేటిక్ వ్యవస్థ నీళ్లు పంపే ఫీడ్ వాల్వ్‌ని మూసేస్తూ పోతోంది, నిజానికి డ్రమ్‌లో నీళ్లు పడిపోతున్నాయి. మాన్యువల్‌కి మార్చాను, కానీ డెస్క్ మీద మీటరే అబద్ధం చెప్తుంటే చేతిలో వాల్వ్ ఉండి ఏం లాభం? మా హెల్పర్ ఒకతను బాయిలర్ పైకి పరుగెత్తి, డ్రమ్ పక్కన, నీటి మట్టం కంటికి నేరుగా కనిపించే గేజ్ గ్లాస్ దగ్గర నిలబడి ఫోన్‌లో లెవెల్ చదువుతూ ఉన్నాడు. అతని గొంతు వింటూ పావుగంట నేను వాల్వ్ తిప్పాను. ఆ టెన్షన్ ఇప్పటికీ ఒంట్లో ఉంది. యూనిట్ ట్రిప్ కాలేదు, అంటే ఆగిపోలేదు.

అందుకే ‘వాళ్లు నడిపిందేమీ లేదు’ అంటే నేను ఒప్పుకోను. అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి అమెరికన్ షెపర్డ్ 1961 మే 5న వెళ్లిన 15 నిమిషాల ప్రయాణంలోనే నౌకను చేత్తో తిప్పి చూశాడు. మెర్క్యురీకి పెద్ద కిటికీ కావాలని పట్టుబట్టింది కూడా వ్యోమగాములే. షెపర్డ్ నౌకకి రెండు చిన్న రంధ్రాల్లాంటి కిటికీలే ఉండేవి, ఆ తర్వాతి నౌక నుంచి పెద్దది పెట్టారు. అదే లేకపోతే కూపర్ దేన్ని చూసి నౌకను సరిచేసుకునేవాడు?

రష్యన్ల పద్ధతి వేరు. భారరహిత స్థితిలో మనిషికి మతి చలిస్తుందేమోనని డాక్టర్ల భయం, అందుకని మొదటి వ్యోమగామి గగారిన్ వెళ్లిన వోస్తోక్ నౌకలో మాన్యువల్ కంట్రోల్‌కి తాళం వేశారు. అది తెరిచే కోడ్ 125, కవర్లో పెట్టి అంటించారు, అయినా గగారిన్‌కి ముందే చెవిన వేసినవాళ్లున్నారు. 1961 ఏప్రిల్ 12న ఆయన 108 నిమిషాల్లో తిరిగొచ్చాడు, కానీ దిగేటప్పుడు వెనక భాగం పూర్తిగా విడిపోలేదు, వైర్ల కట్ట పట్టుకుని వేలాడుతూ సుమారు పది నిమిషాలు నౌక గింగిరాలు తిరిగింది, చివరికి ఆ వేడికే వైర్లు కాలి తెగాయి. ఆ నౌక గుండ్రటి బంతి. బరువంతా ఒక పక్కకి ఉండేలా పెట్టారు కాబట్టి ఎలా పడినా గాలిలో తనే తిరిగి సర్దుకుంటుంది. ఆయన బతకడానికి ఆ ఆకారం పెద్ద కారణమని నా అభిప్రాయం. మెర్క్యురీ మొద్దుగా ఉండటానికీ కారణం ఉంది. ముక్కు సూదిగా ఉంటే వేడంతా లోహానికే తగులుతుంది, మొద్దుగా ఉంటే ముందు గాలి గట్టిగా నొక్కుకుపోయి షాక్ వేవ్‌గా నిలబడుతుంది, వేడిలో చాలా భాగం దాంతోనే పక్కకి పోతుంది. 1950ల మొదట్లో అమెరికన్ ఇంజినీర్ హెచ్. జూలియన్ ఆలెన్ చెప్పిన మాట ఇది. 2014 డిసెంబర్ 18న శ్రీహరికోట నుంచి ఎగిరి అండమాన్ దగ్గర సముద్రంలో దిగిన మన క్రూ మాడ్యూల్ కూడా అలాంటి మొద్దు ఆకారమే.

తాళం వేసిన రష్యన్లకీ 1965 మార్చిలో మనిషి చెయ్యే కావాల్సి వచ్చింది. వోస్ఖోద్ 2 అనే నౌకలోంచి లియొనోవ్ అంతరిక్షంలోకి బయటికొచ్చి నడిచిన సంగతి అందరికీ తెలుసు. కానీ దిగే వేళకి ఆటోమేటిక్ వ్యవస్థ పనిచేయలేదు, ఆయనతో ఉన్న కమాండర్ బెల్యాయెవ్ చేత్తో సరిచేసి దించాడు, అనుకున్న చోటు దాటిపోయి మంచు అడవిలో పడి ఇద్దరూ రెండు రాత్రులు అక్కడే గడిపారు.

అలాగని ఆటోమేటిక్‌ని తక్కువ చేయట్లేదు. 2023 అక్టోబర్ 21న గగన్‌యాన్ టెస్ట్ వెహికల్‌ని లేవడానికి 5 సెకన్ల ముందు కంప్యూటరే ఆపేసింది, సరిచూసుకుని అదే ఉదయం 10 గంటలకి పంపారు. ఏ పని మెషీన్‌కి ఇవ్వాలి, ఏది మనిషి చేతిలో ఉంచాలి, మీటర్ అబద్ధం చెప్తే ఆ మనిషి దేన్ని చూసుకోవాలి, ఇవన్నీ ఆ చిన్న డబ్బాల్లో ప్రాణాల మీదికి తెచ్చుకుని మరీ తేల్చుకున్నారు. మీరు అడిగిన ప్రాముఖ్యం నాకు అక్కడే కనిపిస్తుంది.

ఆ రోజు మ్యూజియం నుంచే ఫెయిత్ 7 ఫొటో ఆ హెల్పర్‌కి వాట్సాప్‌లో పంపి, కూపర్ కథంతా వాయిస్ మెసేజ్‌లో చెప్పాను. ఆయనా రిటైరయ్యాడు. కాసేపటికి ఒకే ప్రశ్న వచ్చింది: “గేజ్ గ్లాస్ దగ్గర ఎవరున్నారు సార్ ఆయనకి?”

జాన్ గ్లెన్ అని రాశాను.